బొమ్మ తిరిగిందా, తిరగబడిందా?

ఒడిశాలోని గుణుపురం నుంచి ఒక అమ్మ అడిగిన ప్రశ్న ఇది. పాప ఐదో తరగతి, ఒడియా మీడియం, ఇంట్లో మాట్లాడేది తెలుగు. నవోదయ ప్రవేశ పరీక్షకి తయారవుతోంది. లెక్కలు బాగానే చేస్తుంది. బొమ్మల వరసలో తర్వాతది ఏదో చెప్పగలదు, నాలుగింటిలో వేరుగా ఉన్నదాన్ని పట్టుకోగలదు. అద్దంలో బొమ్మ, మడిచిన కాగితానికి చిల్లు, ముక్కలు తిప్పి అతికించడం అనేసరికి మాత్రం తప్పులే. "దీనికేమైనా ఫార్ములా ఉందా, లేక పుట్టుకతో రావాల్సిందేనా? మా ఆడపడుచు ఆడపిల్లలకి ఇవి రావంటోంది. నాకు టెన్షన్‌గా ఉంది" అని రాశారు.

అమ్మా, నేను పర్లాకిమిడిలో ఇరవై ఏళ్లుగా ఈ వయసు పిల్లలకే ట్యూషన్ చెబుతున్నాను. ముందు మీ ఆడపడుచు గారి మాట సంగతి తేల్చేద్దాం. 2013లో డేవిడ్ అట్టల్ అనే మనస్తత్వ శాస్త్రవేత్త, ఆయన బృందం కలిసి, బొమ్మల్ని మనసులో తిప్పి చూసే నేర్పు సాధనతో పెరుగుతుందా అన్న విషయం మీద వచ్చిన 217 అధ్యయనాలను ఒకచోట చేర్చి చూశారు. పెరుగుతుందని, ఆడా మగా ఇద్దరికీ పెరుగుతుందని, నేర్చుకున్నది వెంటనే పోదని తేలింది. కాబట్టి ఆవిడతో వాదించకండి, పని మొదలుపెట్టండి.

ఇందులో ఎన్ని మార్కులున్నాయో కూడా చెబుతాను. కొన్నేళ్లుగా వస్తున్న పద్ధతిలో ఆరో తరగతి ప్రవేశ పరీక్షలో మొత్తం 80 ప్రశ్నలకి 100 మార్కులు. అందులో 40 ప్రశ్నలు బొమ్మలవే. పది రకాలు, రకానికి నాలుగు. మీ పాప తడబడే మూడు రకాలూ కలిపితే 12 ప్రశ్నలు, ప్రశ్నకి 1.25 చొప్పున 15 మార్కులు. సీటు వచ్చేదీ రానిదీ ఒకటి రెండు మార్కుల దగ్గర తేలిపోయే పరీక్షలో 15 అంటే చాలా ఎక్కువ.

ఇక అసలు విషయం. ఈ తడబాటులో సగం మన మాటలోనే ఉందని నా అనుభవం. "తిప్పు" అనే మాట మనం ఎన్నింటికి వాడతామో చూడండి. తిరగలి తిప్పు అంటాం. దోసె తిప్పు అనీ అంటాం. రెండూ ఒకే పనా? తిరగలి తిప్పితే పై రాయి అదే ముఖం పైకి పెట్టుకుని గుండ్రంగా తిరుగుతుంది. దోసె తిప్పితే పైది కిందికి, కిందిది పైకి వస్తుంది. మాస్టారు "ఈ బొమ్మని తిప్పితే ఏది వస్తుంది" అని అడిగితే, పిల్ల మనసులో తిరగలి తిరుగుతుందో దోసె తిరగబడుతుందో ఎవరికి తెలుసు? రెండోది జరిగినప్పుడే జవాబు తప్పుతుంది. అది తెలివి తక్కువై కాదు, మనం చెప్పిన మాటే సరిగా లేక.

అందుకే నా దగ్గర "తిప్పు" అనే మాటే నిషేధం. "తిరగలి", "దోసె" అంటాం. "ఇది తిరగలా, దోసెనా?" అని అడిగితే మొదటి వారం పిల్లలు నవ్వుతారు. రెండో వారానికి, "మాస్టారూ, ఇది దోసె, గైడులో జవాబు తప్పుంది" అని వాళ్లే చెబుతారు. ఒకసారి నిజంగానే తప్పుంది. ఆ గైడు చూసి మూడేళ్లు నేనే తప్పు చెప్పానని ఒక పదేళ్ల పిల్ల వల్ల తెలిసింది.

తిరగలికీ దోసెకీ తేడా కనిపెట్టడానికి బొమ్మని బుర్రలో తిప్పనక్కర్లేదు. ప్రదక్షిణ చేస్తే చాలు. బొమ్మలో మూడు గుర్తులు పట్టుకోండి. ఒక చతురస్రం ఉందనుకుందాం. వాయవ్యం మూల నల్ల చుక్క, ఈశాన్యం మూల నక్షత్రం, ఆగ్నేయం మూల చిన్న గీత. (కాగితం పైవైపు ఉత్తరం అనుకోండి, మ్యాపులో లాగా.) గుడి చుట్టూ తిరిగినట్టు ప్రదక్షిణగా వెళ్తే చుక్క, నక్షత్రం, గీత అన్న వరసలో వస్తాయి. బొమ్మని తిరగలిలా ఎంత తిప్పినా, పావు చుట్టైనా అర చుట్టైనా, ఈ వరస మారదు. దోసెలా తిరగేస్తే మాత్రం ప్రదక్షిణలో గీత, నక్షత్రం, చుక్క అని ఎదురు వస్తుంది. వరస అదే అయితే తిరగలి, ఎదురైతే దోసె. ఇంతే. ఫార్ములా కావాలన్నారు కదా, నా దగ్గర ఉన్నది ఇదొక్కటే.

రెండు గుర్తులతో ఇది తేలదు, కనీసం మూడు కావాలి. బొమ్మే రెండు పక్కలా ఒకేలా ఉంటే, త్రిశూలంలాగా, అప్పుడు తిరగేసినా తేడా రాదు. అలాంటి చోట ఎటు చూస్తోందన్నది ఒక్కటే చూడాలి.

మూలల పేర్లు వాడానని గమనించారా? అది కావాలనే. మన పల్లెల్లో "కాస్త తూర్పుకి జరుగు", "ఉత్తరం గోడకి ఆనించు" అని ఇప్పటికీ అంటారు. పర్లాకిమిడిలో ఏ పిల్లని అడిగినా మహేంద్రగిరి ఎటుందో చెయ్యి చాపి చూపిస్తుంది, ఈశాన్యంగా. ఇంట్లో వాస్తు మాటలు ఎటూ వినబడుతూనే ఉంటాయి. (వాస్తు మీద నాకు నమ్మకం లేదు, ఆ పేర్లు మాత్రం భలే పనికొస్తాయి.) ఎడమ, కుడి అంటే ఎవరి ఎడమ, ఎవరి కుడి అన్న గొడవ వస్తుంది. మీరు పాపకి ఎదురుగా కూర్చుని "కుడి పక్క" అంటే తను మీ కుడి తీసుకోవాలా, తన కుడి తీసుకోవాలా? కాగితానికే నాలుగు మూలలూ పేర్లు పెట్టేస్తే ఆ బాధ ఉండదు. ఒక్క జాగ్రత్త. కాగితం ఉత్తరం వేరు, ఊరి ఉత్తరం వేరు అని మొదటి రోజే చెప్పాలి. నా దగ్గర ఒకడు ప్రతిసారీ లేచి, గదిలో ఉత్తరం వైపు తిరిగి కూర్చుని మరీ చేసేవాడు. పరీక్ష హాల్లో బల్ల ఎటు తిరిగి ఉంటుందో మనకేం తెలుసు?

పాప నోటుబుక్కులో ఒక చతురస్రం గీసి, నాలుగు మూలలకీ పేర్లు రాయించండి. బొమ్మ పక్కన నిలువు అద్దం పెడితే ఈశాన్యం వాయవ్యంలోకి, ఆగ్నేయం నైరుతిలోకి పోతాయి. నీళ్లలో నీడైతే ఈశాన్యం ఆగ్నేయానికి, వాయవ్యం నైరుతికి. అర చుట్టు తిప్పితే ఈశాన్యం నైరుతికి, ఆగ్నేయం వాయవ్యానికి. ఇవి బట్టీ పట్టించవద్దు. ఒక అట్టముక్క మీద నాలుగు మూలలా నాలుగు గుర్తులు వేసి, వెనక వైపు కూడా అవే మూలల్లో అవే గుర్తులు వేసి, చేత్తో తిప్పుతూ తనే రాసుకోవాలి.

నిజం దోసెతో ఇంకా బాగుంటుంది. పెనం మీద దోసెకి ఈశాన్యం అంచున గాటు పెట్టండి. పుస్తకంలో పేజీ తిప్పినట్టు పక్కకి తిరగేస్తే గాటు వాయవ్యానికి వస్తుంది. ఇప్పుడు పై అంచు పట్టుకుని కిందికి తిరగేస్తే నైరుతికి వస్తుంది. ఎర్రగా కాలిన ముఖం మళ్లీ కిందికే పోయింది, గాటు మాత్రం ఎదురు మూలకి చేరింది. అంటే రెండు దోసెలు కలిస్తే ఒక అర తిరగలి! నిలువు అద్దంలోనూ నీళ్లలోనూ వరసగా చూసిన బొమ్మ అర చుట్టు తిరిగిన బొమ్మే అవుతుంది. ఇది అర్థమైన రోజున పాపకి ఈ ప్రశ్నలంటే భయం పోతుంది. నేను చాలామందిలో చూశాను.

అద్దం ప్రశ్నలో ఇచ్చే నాలుగు జవాబులూ సాధారణంగా ఎలా ఉంటాయంటే, ఒకటి అసలు బొమ్మే, ఒకటి అర చుట్టు తిరిగింది, ఒకటి నీళ్లలో నీడ, ఒకటి సరైనది. ప్రదక్షిణ చేస్తే మొదటి రెండూ వెంటనే ఎగిరిపోతాయి. మిగిలిన రెండింటిలో తల పైన ఉన్నది ఏదో చూసుకుంటే, నిలువు అద్దానికి అదే జవాబు. పాప ఇప్పుడు చేస్తున్నది బహుశా నాలుగింటినీ ఒకేసారి చూసి, "ఇలా ఉందేమో" అని గుర్తు పెట్టడం. పాత తప్పులు తీసి చూడండి, ఎక్కువసార్లు అర చుట్టు తిరిగిన బొమ్మకే గుర్తు పెట్టి ఉంటుంది.

ఇక్కడ ఒడియా మీడియం సంగతి కొంచెం చెప్పాలి, ఎందుకంటే చాలామంది తల్లిదండ్రులు ఇది మీడియం లోపం అనుకుంటారు. ఇంగ్లీషు చిన్న బి, డి, పి, క్యూ చూడండి. నాలుగూ ఒకే బొమ్మ. బి ని నిలువు అద్దంలో చూస్తే డి. నీళ్లలో చూస్తే పి. అర చుట్టు తిప్పితే క్యూ. ఇంగ్లీషు చదివే పిల్ల అద్దం తేడాని పట్టించుకోక తప్పదు, లేకపోతే చదవలేదు. మన తెలుగులోగానీ ఒడియాలోగానీ అలాంటి జంటలు ఎక్కడున్నాయి? తమిళం చదివేవాళ్ల మీద ఎరిక్ పెడర్సన్ అనే పరిశోధకుడు 2003లో ఒక పని ప్రచురించారు. తమిళ లిపి ఒక్కటే వచ్చినవాళ్లు, ఏ లిపీ రానివాళ్లలాగే, బొమ్మకీ దాని అద్దపు బొమ్మకీ తేడా అంతగా పట్టించుకోలేదు. తమిళంతో పాటు ఇంగ్లీషు లిపి కూడా వచ్చినవాళ్లు పట్టించుకున్నారు. మనుషుల కంటికి కుడివైపు తిరిగిన ఆవూ ఎడమవైపు తిరిగిన ఆవూ ఒకే ఆవు, అలా చూడటమే బతకడానికి ఉపయోగం. ఆ అలవాటుని ప్రత్యేకంగా మాన్పిస్తే తప్ప పోదు. మీ పాపకి ఇప్పటిదాకా మాన్పించే అవసరం అంతగా రాలేదు, అంతే. రోజూ ఐదు నిమిషాలు బి, డి, పి, క్యూ కలగలిపి ఒక పేజీ రాసిచ్చి, డి లకి మాత్రమే సున్న చుట్టమనండి. ఆటలా ఉంటుంది.

"మరి మా పాప చాలా నెమ్మది" అని కూడా రాశారు. 1971లో రోజర్ షెపర్డ్, జాక్లిన్ మెట్జ్లర్ అనే ఇద్దరు ఒక ప్రయోగం చేశారు. ఘనాలు అతికించి చేసిన వంకర ఆకారాల బొమ్మలు జతలుగా చూపించి, రెండూ ఒకటేనా, లేక ఒకటి రెండోదానికి అద్దపు బొమ్మా అని అడిగారు. రెండు బొమ్మల మధ్య కోణం పెరిగేకొద్దీ జవాబుకి పట్టే సమయం సరిగ్గా అదే లెక్కన పెరిగింది. మనసులో బొమ్మ సెకనుకి దాదాపు 60 డిగ్రీల చొప్పున తిరుగుతున్నట్టు తేలింది. అంటే అర చుట్టుకి మూడు సెకన్లు. వాళ్లు పెద్దవాళ్లు, పిల్లలకి ఇంకాస్త పడుతుందనే అనుకుందాం. పరీక్షలో 40 బొమ్మల ప్రశ్నలకి గంట, అంటే ప్రశ్నకి ఒకటిన్నర నిమిషం ఉంది. నాలుగు జవాబుల్నీ ఒక్కొక్కటిగా తిప్పి చూసినా బోలెడు సమయం మిగులుతుంది. కాబట్టి పాపని "త్వరగా, త్వరగా" అనకండి. తొందరపడినప్పుడే దోసె తిరగలి అయిపోతుంది.

కొందరు ప్రశ్నపత్రాన్నే గుండ్రంగా తిప్పి చూస్తారు. దానివల్ల లాభం లేదు. ప్రశ్నతో పాటు జవాబులు కూడా తిరుగుతాయి కదా.

మడిచిన కాగితం. దీనికి నేర్పడం కంటే చేయించడం మంచిది. వినాయక చవితికి రంగు కాగితాల తోరణాలు కత్తిరించే పిల్లలకి ఇది ఎవరూ నేర్పక్కర్లేదని చూశాను. మడత గీత అంటే అద్దం, అంతే. విప్పినప్పుడు చిల్లు గీతకి ఇవతల ఎంత దూరంలో ఉందో అవతల అంతే దూరంలో ఇంకోటి పుడుతుంది. రెండు మడతలు పెట్టి ఉంటే, చివర పెట్టిన మడతని ముందు విప్పాలి. ఈ ఒక్క మాట మర్చిపోవడం వల్లే సగం తప్పులు. అన్ని పొరల్లోంచీ చిల్లు పడితే రెండు మడతలకి నాలుగు చిల్లులు, మూడు మడతలకి ఎనిమిది. పరీక్ష వాళ్ల తుంటరితనం ఎక్కడంటే, ఒక మూల మాత్రమే మడిచి, చిల్లు ఒంటి పొర ఉన్నచోట పెడతారు. అప్పుడు ఒకటే చిల్లు. అందుకని ముందు "ఇక్కడ ఎన్ని పొరలున్నాయి" అని అడగడం నేర్పండి. సరిగ్గా మడత మీద అర చందమామలా కోస్తే, విప్పాక రెండు రావు, ఒకటే పూర్తి సున్నా వస్తుంది.

ఏటవాలు మడత అందరినీ ఏడిపిస్తుంది. వాయవ్యం నుంచి ఆగ్నేయానికి మడత పెడితే, ఆ రెండు మూలలూ కదలవు, ఈశాన్యం వచ్చి నైరుతి మీద పడుతుంది. అడ్డంగా ఉన్న చిల్లుల వరసకి, విప్పితే, అవతల నిలువు వరస పుడుతుంది. అర చుట్టులో కూడా ఈశాన్యం నైరుతికే పోయింది కదా, మరి తేడా ఏమిటి అని పాప అడిగితే సంతోషించండి. అర చుట్టులో మిగతా రెండు మూలలూ కూడా చోటు మార్చుకుంటాయి, ఇక్కడ ఉన్నచోటే ఉంటాయి.

నాలుగో భాగం ఖాళీగా ఉన్న డిజైను పూర్తి చేసే ప్రశ్నలు పాపకి వచ్చన్నారు, అయినా ఒక మాట. వాకిట్లో వేసే ముగ్గుల్లో రెండు జాతులున్నాయి. కొన్నింటిని మధ్యకి మడిచినట్టు ఊహిస్తే రెండు సగాలూ కలుస్తాయి. కొన్ని మడిస్తే కలవవు, తిప్పితే మాత్రం కలుస్తాయి. రెండో జాతికి అందరికీ తెలిసిన ఉదాహరణ స్వస్తిక్. పావు చుట్టు తిప్పితే అచ్చం అదే. అద్దంలో చూస్తే చేతులు ఎదురు తిరిగిపోతాయి, ఖాతా పుస్తకం మీద అలా వేస్తే షావుకారు ఊరుకోడు. ఖాళీ భాగం నింపేముందు పక్క రెండు భాగాల మధ్య ఉన్న సంబంధం తిరగలా, దోసెనా అని చూసుకుంటే అక్కడ కూడా అదే పరీక్ష పనిచేస్తుంది. ముక్కలు కలిపి ఆకారం చేసే ప్రశ్నల్లోనూ అంతే. నా పిల్లలకి నేను చెప్పేది, ముక్కలు బల్ల మీద జరుపుతున్నాం, తిప్పుతున్నాం, ఎత్తి తిరగేయడం లేదు అని.

మీ ప్రశ్న చివర మీవారు సరదాకి అడిగినట్టు రాశారు, అద్దంలో బొమ్మ ఎంత తిప్పినా అసలు బొమ్మ కాదంటారు, అది నిజమేనా అని. బల్ల మీద కాగితానికి, త్రిశూలంలా రెండు పక్కలా ఒకేలా ఉన్న బొమ్మ కాకపోతే, నిజం. చేత్తో ఎత్తి తిప్పగలిగిన వస్తువుకి ప్రతిసారీ నిజం కాదు. మా పర్లాకిమిడి కొమ్ము పని బొమ్మలు మీ ఇంట్లో ఉండే ఉంటాయి. అల్మారాలో ఎదురెదురుగా పెట్టే కొంగల జతలో ఒకటి కుడికి చూస్తుంది, ఒకటి ఎడమకి. ఫొటోలో అవి ఒకదానికొకటి అద్దపు బొమ్మలు. కానీ కొంగ నిటారుగా ఉంటే, ఒకదాన్ని చేత్తో తీసి అటు తిప్పి పెట్టండి, రెండోదానిలాగే అయిపోతుంది. చేసినాయన ఒకే రకం రెండు చేశాడు, అంతే. అదే కొంగ మెడని ఒక పక్కకి వంచి రెక్క గోక్కుంటూ ఉంటే, ఎన్ని విధాల తిప్పినా దాని జత కాదు. దానికి జత కావాలంటే మెడ రెండో పక్కకి వంచి మళ్లీ చెక్కాల్సిందే. చెప్పుల జతలో ఎడమది కుడిది కానట్టే.

పాచికల ప్రశ్నలు కూడా అడిగారు. అవి ఈ పరీక్షకి అక్కర్లేదు, ఎనిమిదో తరగతిలో ఎన్‌ఎమ్‌ఎమ్‌ఎస్ స్కాలర్‌షిప్ పరీక్ష రాసేటప్పుడు కావాలి. అప్పటికి ఒక్కటి గుర్తుంచుకోండి. లూడో పాచికలో ఎదురెదురు ముఖాలు కలిపితే 7 వస్తుంది, కానీ పరీక్షలో గీసిన పాచిక అలాగే ఉండాలని లేదు. రెండు బొమ్మల్లో రెండు ముఖాలు అవే కనిపించి మూడోది మారితే, మారిన ఆ రెండూ ఎదురెదురు ముఖాలు. ఉదాహరణకి ఒక బొమ్మలో 1, 2, 3, ఇంకోదానిలో 1, 2, 5 కనిపిస్తే 3 కి ఎదురుగా 5 ఉంటుంది.

ముందు పాత పేపర్లలో పాప తప్పు చేసిన అద్దం ప్రశ్నలు ఒక పది తీయండి. ప్రతిదానికీ ప్రదక్షిణ చేయించి, తను పెట్టిన జవాబు తిరగలో దోసెనో పక్కన రాయించండి. పదింటిలో ఎన్ని తిరగలి వచ్చాయో ఇక్కడ రాస్తే, తర్వాత ఏం చెయ్యాలో చెబుతాను.